జంట సమాధిలో రెండో సగం

కంచాల్లో అన్నం చల్లారిపోయింది. ఎవరూ చెయ్యి పెట్టలేదు.

"తినండి" అంది కోడలు కృపారాణి మూడోసారి. అత్తింట్లో ఆమె గట్టిగా మాట్లాడే మాట అదొక్కటే.

శీనయ్య గోడకు ఆనుకుని కూర్చున్నాడు. చర్చికి వేసుకుపోయిన తెల్ల చొక్కా ఇంకా విప్పలేదు. పొద్దున ఆ చొక్కాతోనే పోయి మొదటి గంట, రెండో గంట, మూడో గంట కొట్టాడు. తర్వాత లోపలికి వచ్చి, ఎప్పటిలాగే తలుపు పక్క చాపమీద కూర్చున్నాడు. ఆరాధన చివర సంఘం పుస్తకం తెరిచి, సభ్యత్వంలోంచి తీసేసిన పేరు చదివారు. ఒక్కటే పేరు. శీనయ్యది.

చదివింది ఆయన కొడుకు డేవిడ్‌రాజు.

"గొంతు వణకలేదే నీకు?" అంది సుకుమారి అన్నవైపు చూసి. "బస్సులో స్టేజీల పేర్లు చదివినట్టు చదివినావు."

"నేను చదవకపోతే ఇంకొకరు చదువుతారు. సంఘం సెక్రటరీ పని అది."

"నాయన పేరు కొట్టేసేది కూడా ఆ పనిలోదేనా?"

డేవిడ్‌రాజు ఆత్మకూరు, ఉదయగిరి మధ్య తిరిగే బస్సులో కండక్టరు. ఇంట్లో కూడా ఆ గొంతే. "చూడు సుకుమారీ. టిక్కెట్టు లేకపోతే నాయన్నయినా దించాల్సిందే. రూలు రూలే."

"ఆ టిక్కెట్టు నాయన కొనుక్కున్నదా? దేవుడు ఊరికే ఇచ్చినాడని గదా మీరే పాటలు పాడేది? ఇచ్చినోడు అడగలేదు. నడిమధ్యలో చింపేదానికి నువ్వెవరు?"

"ఊరుకో మ్మే" అన్నాడు శీనయ్య. అని దగ్గాడు. దగ్గు చాలాసేపు ఆగలేదు. నలభై ఏళ్ళు బేల్దారిగా రాళ్ళు చెక్కి, గోడలు కట్టి మింగిన రాతిపొడి అది. వచ్చే చలికాలం దాటడం కష్టమని నెల్లూరు డాక్టరు డేవిడ్‌రాజును పక్కకు పిలిచి చెప్పాడు. పక్కకు పిలిచి చెప్పిన మాట ఇప్పుడు ఇంట్లో అందరికీ తెలుసు. శీనయ్యకు అందరికన్నా ముందే తెలుసు.

సుకుమారి నీళ్ళచెంబు అందించింది. ఆయన తాగుతుంటే చొక్కా ముందువైపు తడిసింది. ఆమె కొంగుతో ఆ తడి తుడిచింది. ఆమె కోపం డేవిడ్‌రాజు మీద మాత్రమే కాదు, తనమీద కూడా. నాయన చేసిన తప్పు ఏదైనా ఉంటే, అది తనకోసం చేసింది.

నిరుడు ఆమెకు టీచరు పోస్టు వచ్చింది, ఉదయగిరి కొండ కింద ఒక ఊళ్ళో. చేరిన నాలుగు నెలలకు ఎవరో పేరు లేకుండా అర్జీ పెట్టారు. వీళ్ళు క్రైస్తవులు, ఈమె ఎస్సీ సర్టిఫికెట్టు చెల్లదు అని. విచారణకు రెవెన్యూ ఇన్‌స్పెక్టరు జబీవుల్లా వస్తున్నాడని తెలిసి, కృపారాణి గోడమీది వాక్యాల క్యాలెండరు తీసి బియ్యం డబ్బా వెనక పెట్టింది. సుకుమారి నుదుట తిలకం దిద్దుకుంది. అద్దంలో చూసుకుని మొహం తిప్పేసుకుంది.

"మీరు హిందువులేనా?" అని ఇన్‌స్పెక్టరు అడిగాడు.

"అవునయ్యా" అన్నాడు శీనయ్య.

"చర్చికి పోయేది ఉండాదా?"

"లేదయ్యా."

సంతకం చేశాడు. కలం తిరిగి ఇస్తుండగా గోడ గడియారం ఐదు కొట్టింది. అది బుధవారం. శీనయ్య తువ్వాలు భుజాన వేసుకుని లేచాడు. "ఒక్క నిమిషం కూర్చోండయ్యా. ప్రార్థన గంట కొట్టేసి వస్తాను."

ముప్పై ఏళ్ళ అలవాటు. తనేం అన్నాడో ఆయనకు గడప దాటాక తెలిసింది. అక్కడే నిలబడిపోయాడు. జబీవుల్లా ఆయన్ను చూశాడు, సుకుమారి నుదుటి తిలకాన్ని చూశాడు, కాగితం మడిచి సంచిలో పెట్టుకున్నాడు. "పొండి పెద్దాయనా. ప్రార్థనకు ఆలస్యం కాకూడదు" అన్నాడు. రాసింది మార్చకుండానే వెళ్ళిపోయాడు.

రాళ్ళవాగుపాళెం ఊరంతా వారం రోజులు నవ్వుకుంది. ఆ నవ్వే చర్చి పెద్దల దగ్గరికి చేరి కోపమైంది. అబద్ధం రాసిన చేత్తోనే దేవుడి గంట తాడు ముట్టుకున్నాడన్నారు.

దాని ఫలితమే ఈ పొద్దు చదివిన పేరు.

* * *

మూడు గంటలకు పాస్టరు శాంతికుమార్ వచ్చాడు. వెంట సంఘం పెద్దల్లో ఒకడైన డీకను మాల్యాద్రి. పాస్టరుకు ముప్పై ఏళ్ళు కూడా లేవు. ఈ సంఘానికి వచ్చి ఎనిమిది నెలలైంది. కుర్చీ చివర కూర్చున్నాడు. మాల్యాద్రి మాత్రం కుర్చీ నిండా కూర్చున్నాడు.

"శీనయ్యగారూ, మిమ్మల్ని బయటికి నెట్టాలని కాదు మా ఉద్దేశం" అన్నాడు పాస్టరు. "దారి ఉంది. వచ్చే ఆదివారం సంఘం ముందర ఒప్పుకోండి. డ్యాం దగ్గరికి పోదాం. మళ్ళీ బాప్తిస్మం తీసుకోండి. సాయంత్రానికి మీ పేరు పుస్తకంలో ఉంటుంది."

"ఒప్పుకుంటానయ్యా. ఇప్పుడే ఒప్పుకుంటాను. అబద్ధం ఆడినాను. తప్పు. దానికి ఏడ్చినాను కూడా" అన్నాడు శీనయ్య. "మళ్ళీ మునిగేది మాత్రం నావల్ల కాదు."

"ఎందుకని?"

"ఒకసారి మునిగినాను గదా."

"అది పోయింది శీనయ్యగారూ. ఆయన్ను ఎరగనని మీ నోటితో మీరే చెప్పారు. రక్షణను మీ చేత్తో మీరే పారేసుకున్నారు."

శీనయ్య కాసేపు తన అరచేతులు చూసుకున్నాడు. సున్నం తిని పగిలిన చేతులు.

"అయ్యగారూ, నాకు పదహారేళ్ళప్పుడు సోమశిల దగ్గర పెన్నలో ముంచినారు. అప్పటికి డ్యాం లేదు. ఆ మడుగు ఇప్పుడు డ్యాం నీళ్ళ అడుగున ఉండాది. నేను చూపించమన్నా చూపించలేను. మడుగు కనపడదని నేను మునగలేదంటారా?"

పాస్టరు మాల్యాద్రి వైపు చూశాడు.

"ఆ పొద్దు నేను ఆయన్ను పట్టుకున్నానని అనుకున్నాను. పిలకాయను గదా. పెద్దయినాక తెలిసింది, ఆయనే నన్ను పట్టుకున్నాడని. నా పట్టు జారింది. జారలేదని నేను అనను. ఆయన పట్టు జారిందని మీరు అనండి, అప్పుడు మునుగుతాను."

"ఇట్లా అనుకుంటే ఎవడైనా ఏమైనా చెయ్యొచ్చు గదబ్బా!" అన్నాడు మాల్యాద్రి. "ఎట్లాగూ పట్టుకోనుండాడు గదా అని ఊరంతా అబద్ధాలాడొచ్చు."

"తప్పు చేస్తే నాయన కొట్టడా మాల్యాద్రీ? కొడతాడు. ఎట్లా కొడుతుండాడో నా గుండెకాయకు తెలుసు. కొడతాడుగానీ వీడు నా బిడ్డ కాదని రాసియ్యడు."

"నాయన రాయడు" అంది సుకుమారి. "ఈ ఇంట్లో బిడ్డే నాయన్ను కొట్టేసి రాసినాడు."

డేవిడ్‌రాజు తల ఎత్తలేదు. కృపారాణి మజ్జిగ గ్లాసులు తెచ్చి పెట్టింది. 

సుకుమారి బడిలో పిల్లల మీద కూడా గొంతు ఎత్తే మనిషి కాదు. ఇప్పుడు కూడా ఎత్తలేదు. మాల్యాద్రి ఎదురుగా వచ్చి నిలబడింది.

"పెదనాయనా, మీ పెద్దబ్బాయి బ్యాంకులో చేరినప్పుడు పెట్టిన సర్టిఫికెట్టులో మతం కాడ ఏం రాసుండాది?"

"ఆ మాటెందుకిప్పుడు?"

"ఊరికే అడుగుతా ఉండాను. క్రిస్మసుకు చర్చిలో ముందు బెంచీలో కూర్చునేది ఆ అబ్బాయే గదా."

"మావాడి మీద ఎవరూ అర్జీ పెట్టలేదు. ఏ ఇన్‌స్పెక్టరూ మా ఇంటికి రాలేదు."

"అయితే మా తప్పు అబద్ధం కాదు. విచారణ రావడం. అట్లాగేనా?"

"పెద్దంతరం చిన్నంతరం లేకుండా పోయిందే నీకు! నాలుగు జీతాలు తీసుకునేటప్పటికి..."

"సుకుమారీ" అన్నాడు శీనయ్య. పేరు మాత్రమే అన్నాడు. ఆమె ఆగిపోయింది.

పాస్టరు మొహం ఎర్రబడింది. మాల్యాద్రి కొడుకు సంగతి ఆయనకు ఇప్పటిదాకా తెలియదని సుకుమారికి అర్థమైంది. ఎనిమిది నెలల్లో ఎవరూ చెప్పలేదు. చెప్పాలంటే ప్రతివాడూ ముందు తన ఇంటి సర్టిఫికెట్ల పెట్టె తెరవాలి.

మాల్యాద్రి మజ్జిగ ముట్టకుండా లేచాడు. "ఇంకో మాట. ఇది సంఘం మాట. మీ అమ్మ సమాధి పక్క ఖాళీ సంగతి."

శీనయ్య గోడకు ఆనించిన వీపు ఎత్తాడు.

మూడేళ్ళ కింద సుకుమారి తల్లి కరుణమ్మ పోయినప్పుడు, శీనయ్య తన చేత్తోనే సమాధి కట్టాడు. ఒకే అరుగుమీద రెండు సగాలు. ఒక సగంలో కరుణమ్మ. రెండో సగం లోపల ఖాళీ, పైన నున్నటి బండ. బండమీద పేరు చెక్కలేదు. చెక్కాల్సిన చోటు మాత్రం గీసి పెట్టుకున్నాడు. ఆదివారాలు ఆరాధనయ్యాక పోయి ఆ బండమీద కూర్చునేవాడు. ఇంట్లో మంచంమీద తనవైపు తాను కూర్చున్నట్టే ఉండేది.

"సమాధుల తోటలో ఇంక అడుగు స్థలం లేదు" అన్నాడు మాల్యాద్రి. "సభ్యుడు కానోడికి సంఘం స్థలం ఉంచే రూలు లేదు. మా అమ్మ రేపో మాపో అన్నట్టుండాది. కమిటీ ఆ చోటు మా అమ్మకు ఇచ్చింది. శీనయ్యా, ఆదివారం నువ్వు మునిగితే, ఆ చోటు నీదే. అప్పటిదాకా మా అమ్మ బతికుంటే."

"కమిటీ అంటే ఎవరు?" అంది సుకుమారి. "నువ్వు గాక ఇంకెవరు?"

మాల్యాద్రి చూపు డేవిడ్‌రాజు మీదికి పోయింది. సుకుమారి కూడా అటే చూసింది.

"సంతకం పెట్టినావా అన్నా?"

డేవిడ్‌రాజు చెయ్యి జేబులోని కలం మీదికి పోయింది. 

శీనయ్య మొలతాడుకు కట్టుకున్న గంటగది తాళంచెవి విప్పాడు. ముడి బిగుసుకుపోయింది. పంటితో లాగి విప్పి, కొడుకు చేతిలో పెట్టాడు.

"సాయంత్రం గంట ఆరింటికి" అన్నాడు. "తాడు ఒకేసారి గుంజొద్దు. వదిలి గుంజాల."

* * *

ఆ సాయంత్రం గంట ఆరింటికి మోగలేదు. ఐదుకే మోగింది. ఒక్కొక్క దెబ్బ విడివిడిగా.

శీనయ్య వేళ్ళమీద లెక్కపెట్టుకున్నాడు. ఆ సంఘంలో ఎవరు పోతే వాళ్ళ వయసెంతో అన్ని దెబ్బలు కొడతారు. ముప్పై ఏళ్ళుగా కొట్టినవాడు మొదటిసారి కూర్చుని వింటున్నాడు.

"దెబ్బకూ దెబ్బకూ మధ్య ఊపిరి తీసుకునే టైము ఇవ్వాల" అన్నాడు. "తొందర పడుతుండాడు వీడు." తర్వాత అన్నాడు, "ఎనభై నాలుగు. మాల్యాద్రి వాళ్ళమ్మ."

సుకుమారి గడప దగ్గర నిలబడింది. ఆదివారం దాకా ఆగే పని ఇక లేదు. రేపు పొద్దునే ఆ బండ ఎత్తుతారు.

"నాయనా, పోయి పాస్టరయ్యను అడుగు. ఈ పొద్దే మునుగుతానని చెప్పు. నీ కాళ్ళు పట్టుకుంటాను."

"నువ్వు కూడానా?"

"నీకు నమ్మకం ఉండాది గదా, మునిగితే ఏం పోతుంది? నీళ్ళే గదా!"

"నేను ముప్పై ఏళ్ళు గంట కొట్టి జనాన్ని ఆ మాట వినేదానికి రమ్మని పిలిచినాను. ఆయన పట్టుకుంటే వదలడనే మాట. ఇప్పుడు ఆరడుగుల నేల కోసం, వదిలినాడు, మళ్ళీ పట్టుకోమని అడుక్కుంటున్నాను అని అందరి ముందరా చూపించమంటావా? మొన్న ఆడింది ఒక అబద్ధం. ఇది దానికంటే పెద్దది."

"మరి అమ్మ పక్క చోటు?"

"ఆ ముసలామెకు ఇయ్యనీ. పాపం, చిన్నప్పుడు నాకు రాగిసంకటి పెట్టిన మనిషి. నేను యాడ పడుకున్నా, లేపేవాడికి చోటు తెలుసు."

ఆయన మొహంలో కోపం లేదు. సుకుమారికి భరించరానిది అదే. ఎదుటివాళ్ళ అన్యాయం కన్నా నాయన నెమ్మది ఆమెను ఎక్కువ మండించింది.

"పరలోకం గట్టిగా ఉండాదని భూమ్మీద ఉండేదంతా వీళ్ళకు రాసిచ్చేస్తావా నాయనా? నువ్వు పోయేదాని గురించి నీకు దిగుల్లేదు. సరే. ఈడ ఉండేవాళ్ళం మేము. నువ్వు అమ్మ పక్కన లేకపోతే, రేపు ఈ ఊరు ఏమంటుంది? కూతురి ఉద్యోగం కోసం దేవుణ్ణి అమ్ముకున్నాడు, దేవుడు వెళ్ళగొట్టినాడు అంటుంది. వాళ్ళ మాటే నిజమై రాతిమీద నిలబడుతుంది. నీ దేవుడికి కూడా అది అవమానం కాదా?"

శీనయ్య నోరు తెరిచాడు. దగ్గొచ్చింది. 

దగ్గు తగ్గాక ఆయన సమాధుల తోట వైపు తిరిగి కూర్చున్నాడు.

* * *

సోమవారం తెల్లవారాక మాల్యాద్రి ఇంటినుంచి కబురొచ్చింది. పక్క సగానికి దెబ్బ తగలకుండా బండ తెరవడం శీనయ్యకు తప్ప ఎవరికీ తెలియదట. వచ్చి తెరిచి పెట్టమన్నారు.

కృపారాణి పొయ్యి ముందు కూర్చుని ఆ మాట వింది. ఊదే గొట్టం పక్కన పెట్టింది.

"సభ్యుడు కాని చెయ్యి బండ మీద పడొచ్చా?" అంది. ఆ ఇంట్లో ఎనిమిదేళ్ళలో ఆమె వేసిన మొదటి ఎదురు ప్రశ్న అది. ఎవరినీ చూసి అడగలేదు.

శీనయ్య లేచి తాపీ, సుత్తి, దారం ఉన్న సంచి భుజాన వేసుకున్నాడు. "పనిమనిషికి పని చెప్పినారు. పోవాల. తెలియనోళ్ళు ఎత్తితే మీ అమ్మ వైపు గోడ పగులుతుంది."

సుకుమారి ఉదయగిరి బస్సుకు తయారై ఉంది. చేతిసంచి తీసి గూట్లో పెట్టింది. నాయన మెల్లగా అడుగులు వేస్తుంటే, ఆయన్ను దాటుకుని వాగు గట్టుమీదుగా ముందుకు నడిచింది. వెనక్కి తిరిగి చూడలేదు.

సమాధుల తోట గేటు తెరిచే ఉంది. ఈస్టరుకు కొట్టిన సున్నం ఇంకా తెల్లగానే ఉంది. మాల్యాద్రి, ఆయన తమ్ముళ్ళు, పాస్టరు, పదిమంది దాకా సంఘంవాళ్ళు ఉన్నారు. డేవిడ్‌రాజు గడ్డపార పట్టుకుని అరుగు పక్కన నిలబడ్డాడు. సంఘం పుస్తకం చంకలో ఉంది. సమాధి చెయ్యగానే అందులో రాయాలి.

సుకుమారి ఎవరినీ పలకరించలేదు. అరుగెక్కింది. పేరు లేని బండమీద, నాయన ఆదివారాలు కూర్చునే చోట కూర్చుంది. కొంగు సర్దుకుంది.

"ఇప్పుడు తెరవండి" అంది.

"లే మ్మే. ఇంట్లో శవం ఉండాది" అన్నాడు మాల్యాద్రి. గొంతు బొంగురుపోయింది. రాత్రంతా ఏడ్చినట్టున్నాడు.

"అవ్వంటే నాకు కోపం లేదు పెదనాయనా. ఆమెకు చోటు చూపించండి. పడమటి గోడ పక్క రాళ్ళు తీస్తే చోటుంది. నేనూ వచ్చి రాళ్ళు మోస్తాను. ఇది మాత్రం మా నాయనది."

"సభ్యుడు కాదని నిన్న చదివినాం గదా!"

"పుస్తకంలో కొట్టేసినారు. అయ్యగారూ, మీరు చెప్పండి." ఆమె పాస్టరువైపు తిరిగింది. "మీ దగ్గర ఉండేది ఈ పుస్తకమేనా, లేకపోతే పైన దేవుడి దగ్గరుండే జీవగ్రంథమా? పైనుండేదైతే తెరిచి, మా నాయన పేరు కాడ గీత చూపించండి. నేను లేస్తాను."

పాస్టరు ఒక అడుగు ముందుకు వేశాడు. నిన్నటినుంచి ఆయన నిద్రపోలేదని చూస్తేనే తెలుస్తోంది. "నాకు..." అన్నాడు. డేవిడ్‌రాజు చంకలోని పుస్తకం వైపు చూశాడు.

గేటు దగ్గర చప్పుడైంది. శీనయ్య అనుకున్నారు. కాదు. కృపారాణి. పొయ్యిమసి అంటిన చేతులతో, చెప్పులు లేకుండా వచ్చింది. భర్తను దాటింది. అరుగెక్కి ఆడబిడ్డ పక్కన కూర్చుంది.

"ఏందిది?" అన్నాడు డేవిడ్‌రాజు. "లే. ఇంటికి పో."

"పోతాను" అంది కృపారాణి. "ముందు నీ కండక్టరు ఉద్యోగం కాయితంలో మతం కాడ ఏం రాసుండాదో ఈడ అందరికీ చదివి చెప్పు. పొద్దున పెట్టె తెరిచి చూసినాను. కింద సంతకం మామది. నీ కోసం ముందు అబద్ధం ఆడింది కూడా ఆయనే. ఎవరూ అర్జీ పెట్టలేదు గాబట్టి నువ్వు సెక్రటరీవి."

 సంఘంవాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు. ఒక్కొక్కరూ కిందికి చూస్తున్నారు.

శీనయ్య అప్పుడు వచ్చాడు. ఎంతసేపు గేటు అవతల నిలబడ్డాడో తెలియదు. అరుగు దగ్గరికి నడిచి, బండమీద కూర్చున్న కూతురినీ కోడలినీ చూశాడు. పక్కన కరుణమ్మ పేరు చూశాడు. సంచి కింద పెట్టాడు. ఊపిరి కుదురుకునేదాకా ఆగి, కొడుకు ముందు చెయ్యి చాపాడు.

"గడ్డపార ఇట్లా ఇయ్యిరా."

డేవిడ్‌రాజు చంకలోంచి పుస్తకం జారి సున్నపు నేలమీద పడింది. అతను వంగి తియ్యలేదు. గడ్డపార మాత్రం రెండు చేతులతో గట్టిగా పట్టుకున్నాడు.

నాయన చేత ఆ బండ ఎత్తించడానికి ఇవ్వలేదు.